పిల్లల్లో ఆస్తమా, అలర్జీలు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలకి ఆయాసం అని వచ్చే తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. కొందరు మందుల చీటీ తీసుకుని గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి అడుగుతారు. "పంపు (ఇన్‌హేలర్) అలవాటైపోతుందేమో", "ఎత్తు పెరగడేమో", "చేప మందు వేయిస్తే పోదా" లాంటివన్నీ గుమ్మం దగ్గరి ప్రశ్నలే. వాటికి సరైన జవాబు దొరక్క చాలామంది పిల్లలకి మందు మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటిచ్చాను. మోతాదులు విషయం అర్థం కావడానికి చెప్పినవి. మీ పిల్లల వయసు, బరువు చూసి మీ డాక్టరు రాసిన చీటీనే మీరు పాటించాలి.

మా బాబుకి రెండు నెలలకోసారి జలుబు, దగ్గు, ఆయాసం. ఇది ఆస్తమానా, మామూలు రొంపేనా?

కొత్తగా బడికో అంగన్‌వాడీకో వెళ్లే పిల్లలకి ఏడాదికి 6 నుంచి 8 సార్లు జలుబు చేయడం మామూలే. వారం పది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. జలుబు చేసిన ప్రతిసారీ ఛాతీలోకి దిగుతుంటే, దగ్గు పది రోజులు దాటి సాగుతుంటే, అర్ధరాత్రి దాటాక లేదా తెల్లవారుజామున దగ్గుతో లేస్తుంటే ఆస్తమాని అనుమానించాలి. పరిగెత్తినా, గట్టిగా నవ్వినా, ఏడ్చినా దగ్గు తెరలు తెరలుగా రావడం, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపించడం కూడా గట్టి గుర్తులే. జలుబు లేనప్పుడు కూడా ఇలా అవుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. అమ్మకో నాన్నకో ఆస్తమా ఉన్నా, పిల్లవాడికి చిన్నప్పుడు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా (దురదతో చర్మం పొడిబారి ఎర్రబడడం) వచ్చి ఉన్నా ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

ఒక పిల్లవాడి ఫైలులో "నిమ్ము" అని నాలుగైదు సార్లు రాసి, ప్రతిసారీ యాంటీబయాటిక్స్ ఇచ్చి ఉంటే నాకు ముందు ఆస్తమానే గుర్తొస్తుంది. ఆరోగ్యంగా బరువు పెరుగుతున్న పిల్లవాడికి ఏడాదిలో నాలుగుసార్లు నిజమైన న్యుమోనియా రావడం చాలా అరుదు.

ఇంకో సాయం మీరే చేయగలరు. రాత్రి ఆయాసం వచ్చినప్పుడు చొక్కా విప్పి, లైటు వేసి, ఫోనుతో అర నిమిషం వీడియో తీయండి. గొంతు దగ్గరి గుంట, పక్కటెముకలు, పొట్ట, అన్నీ కనిపించాలి, ఊపిరి చప్పుడు వినిపించాలి. మర్నాడు పొద్దున ఓపీకి వచ్చేసరికి పిల్లవాడు గంతులేస్తూ ఉంటాడు, స్టెతస్కోపుకి ఏమీ దొరకదు. అప్పుడు ఆ అర నిమిషం వీడియో చాలా పనికొస్తుంది.

ఏ పరీక్ష చేస్తే ఖాయంగా తేలుతుంది?

5 ఏళ్ల లోపు పిల్లలకి అలాంటి పరీక్ష ఏదీ లేదు. మీరు చెప్పే వివరాలు, డాక్టరు పరీక్షించి చూసేది, మందుకి పిల్లవాడు ఎలా స్పందించాడన్నది, ఈ మూడింటి మీదే నిర్ణయం ఉంటుంది. రెండు మూడు నెలలు తక్కువ మోతాదులో ఇన్‌హేలర్ స్టెరాయిడ్ వాడి చూస్తారు. దానితో బాగా తగ్గి, ఆపాక మళ్లీ మొదలైతే ఆస్తమా అనే అంటాం. దీన్ని "ప్రయోగాలు చేస్తున్నారు" అనుకోవద్దు, ప్రపంచమంతటా పాటించే పద్ధతి ఇదే.

5, 6 ఏళ్లు దాటాక స్పైరోమెట్రీ చేయొచ్చు. ముక్కుకి క్లిప్పు పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి, గొట్టంలోకి ఒక్క ఉదుటున బలంగా ఊదిస్తారు. తర్వాత ఊపిరి గొట్టాలని వదులు చేసే సాల్బుటమాల్ పఫ్‌లు ఇచ్చి, ఒక పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి 12 శాతానికి మించి పెరిగితే ఆస్తమాకి బలమైన ఆధారం. ఆ రోజు బాగున్న పిల్లవాడికి రిపోర్టు నార్మల్‌గా రావచ్చు. అంతమాత్రాన జబ్బు లేదని కాదు.

ఎక్స్‌రే ఆస్తమాలో సాధారణంగా నార్మల్‌గానే ఉంటుంది. వేరే జబ్బులు లేవని చూసుకోవడానికి ఒకసారి తీయిస్తే సరిపోతుంది. ఆయాసం వచ్చిన ప్రతిసారీ అక్కర్లేదు.

ఆస్తమాలా కనిపించే వేరే జబ్బులు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. వాటిలో తల్లిదండ్రులందరికీ తెలిసి ఉండాల్సింది ఊపిరి గొట్టంలో గింజ ఇరుక్కోవడం. అప్పటిదాకా ఆడుకుంటున్న పిల్లవాడు ఒక్కసారిగా పొలమారి, దగ్గి దగ్గి, కాసేపటికి సర్దుకుంటాడు. ఆ తర్వాత రోజుల తరబడి ఒకవైపు ఊపిరితిత్తిలోనే పిల్లికూతలు వినిపిస్తుంటాయి. వేరుశనగ గుండు, సీతాఫలం గింజ, చింతగింజ, పెన్ను మూత, ఏదైనా కావచ్చు. పొలమారిన సంగతి గుర్తుంటే వారం గడిచినా సరే డాక్టరుకి చెప్పండి. దాన్ని బ్రాంకోస్కోపీతో (ఊపిరి గొట్టంలోకి కెమెరా గొట్టం పంపి) తీయాల్సిందే, ఎన్ని నెబులైజేషన్లు (యంత్రంతో మందుని పొగమంచులా చేసి పట్టడం) పెట్టినా లాభం ఉండదు. 4 ఏళ్లు దాటేవరకు గింజలు, పప్పులు విడిగా తినడానికి ఇవ్వకపోవడమే మంచిది.

రెండు వారాలు దాటిన దగ్గుకి జ్వరం, బరువు తగ్గడం తోడైతే, లేదా ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే ఆ పరీక్ష ముందు చేయించాలి. పుట్టిన వారాల నుంచే చప్పుడుతో ఊపిరి తీయడం, రోజూ కఫంతో కూడిన తడి దగ్గు, పాలు తాగుతుంటే ఆయాసపడి చెమటలు పట్టడం, ఇవన్నీ ఆస్తమా లక్షణాలు కావు. వీటికి వేరే కారణం వెతకాలి.

అలర్జీ టెస్టు చేయిస్తే ఏం పడదో మొత్తం తెలిసిపోతుందా?

మొత్తం తెలియదు. చర్మం మీద చుక్కలు వేసి గుచ్చి చూసే స్కిన్ ప్రిక్ టెస్టు, రక్తంలో ఒక్కో అలర్జీకి విడిగా చూసే ఐజీఈ టెస్టు, ఈ రెండూ నమ్మదగినవే. అయితే పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ వస్తువే జబ్బుకి కారణమని తేల్చలేం. దుమ్ము పురుగుకి పాజిటివ్ వచ్చి, పక్క దులిపినప్పుడల్లా పిల్లవాడు తుమ్ముతుంటే ఆ రిపోర్టుకి విలువ ఉంది. రోజూ హాయిగా తింటున్న కందిపప్పుకి పాజిటివ్ వస్తే పప్పు మాన్పించకండి. స్కిన్ టెస్టుకి ముందు సెటిరిజిన్ లాంటి అలర్జీ మందులు దాదాపు వారం ఆపాలి, లేకపోతే ఫలితం తప్పుతుంది. ఆస్తమా ఇన్‌హేలర్లు మాత్రం ఆపక్కర్లేదు.

ఒక్క రక్తం బొట్టుతో వందకి పైగా తిండి పదార్థాల జాబితా ఇచ్చే ఐజీజీ ప్యాకేజీలు ఈమధ్య అమ్ముతున్నారు. ఆ పదార్థం మీ పిల్లవాడు తిన్నాడని తప్ప అవి ఏమీ చెప్పవు. ఆ రిపోర్టు పట్టుకుని పాలు, గోధుమ, గుడ్డు, పప్పు అన్నీ మానేస్తే పిల్లలు చిక్కిపోతారు. ఆ డబ్బుతో మంచి స్పేసర్ (పంపుకి తగిలించి మందు పీల్పించే గొట్టం) కొనుక్కోండి.

అరటిపండు, పెరుగు, ఐస్‌క్రీమ్ మాన్పించాలా? చలవ చేస్తాయంటారు కదా?

మన ఇళ్లలో ఈ పథ్యం వల్ల ఎంతమంది పిల్లలు పెరుగన్నానికి దూరమయ్యారో చెప్పలేను. అరటిపండు, పెరుగు ఆస్తమాని తెప్పించవు. చల్లటిది తాగితే కొందరికి కాసేపు దగ్గు రావచ్చు. మీ పిల్లవాడికి ప్రతిసారీ అలాగే అవుతుంటే ఆ ఒక్కటి తగ్గించండి. పక్కింటి వాళ్లకి పడలేదని మీ వాడికి మాన్పించొద్దు.

నిజమైన ఫుడ్ అలర్జీ వేరేలా ఉంటుంది. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, కళ్లు ఉబ్బడం, వాంతులు, ఆయాసం వస్తాయి. పాలు, గుడ్డు, వేరుశనగ, జీడిపప్పు, రొయ్యలు, చేపలు తరచుగా కారణమవుతాయి. దద్దుర్లతో పాటు ఆయాసం కానీ, వాంతులు కానీ, మగత కానీ ఉంటే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ. దానికి ముందు ఇవ్వాల్సిన మందు తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్. అలర్జీ మాత్ర వేసి చూద్దామని ఇంట్లో కూర్చోకుండా దగ్గరలో ఉన్న ఆసుపత్రికి పరిగెత్తండి. ఫుడ్ అలర్జీ, ఆస్తమా రెండూ ఉన్న పిల్లలకి ప్రమాదం ఎక్కువ కాబట్టి వాళ్ల ఆస్తమా ఎప్పుడూ అదుపులో ఉండేలా చూసుకోవాలి.

పంపు ఒకసారి మొదలుపెడితే జీవితాంతం అలవాటైపోతుందట కదా? ముందు సిరప్‌తో చూడొచ్చు కదా?

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న భయం ఇదే. కంటికి జబ్బు చేస్తే కంట్లోనే చుక్కలు వేసుకుంటాం. ఊపిరి గొట్టాల జబ్బుకి ఊపిరితో మందు పీల్చుకోవడం కూడా అంతే. ఇన్‌హేలర్ మందులకి బానిసయ్యే గుణం లేదు. కొందరు ఏళ్ల తరబడి వాడతారంటే జబ్బు అన్నేళ్లు ఉంది కాబట్టే.

లెక్క చూడండి. సాల్బుటమాల్ సిరప్ 5 మి.లీ.లో 2 మిల్లీగ్రాములు, అంటే 2,000 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. 20 రెట్లు తేడా. సిరప్ కడుపులోకి వెళ్లి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకి చేరుతుంది. ఈలోపు చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, పిల్లవాడు నిద్రపోడు. పఫ్ నేరుగా వెళ్లి కొన్ని నిమిషాల్లోనే పనిచేస్తుంది. కాబట్టి "ముందు సిరప్, తగ్గకపోతే పంపు" అన్న వరుస తప్పు.

పంపుల్లో రెండు రకాలున్నాయని ఇంట్లో అందరికీ తెలియాలి. సాల్బుటమాల్ లాంటి రిలీవర్ బిగుసుకున్న గొట్టాలని అప్పటికప్పుడు వదులు చేస్తుంది. బ్యుడెసొనైడ్, ఫ్లూటికాసోన్, బెక్లోమెథసోన్ లాంటి స్టెరాయిడ్ కంట్రోలర్ లోపలి వాపుని రోజురోజుకీ తగ్గిస్తుంది. కంట్రోలర్ వేసిన రోజే తేడా కనిపించదు, కొన్ని వారాలు పడుతుంది. "ఇప్పుడు బానే ఉన్నాడు కదా" అని చాలా ఇళ్లలో ఆపేసేది దీన్నే. పిల్లవాడు బాగుండడానికి కారణం ఆ మందే. రిలీవర్ ఒక్కటే వాడుతూ నెట్టుకొస్తే లోపలి వాపు అలాగే ఉండిపోయి ఒకరోజు పెద్ద అటాక్‌గా బయటపడుతుంది.

స్టెరాయిడ్ అంటున్నారు. ఎత్తు పెరగడేమో, ఎముకలు బలహీనపడతాయేమో?

ఈ ప్రశ్నకి దాపరికం లేకుండా జవాబు చెప్పాలి. అమెరికా, కెనడాల్లో వెయ్యి మందికి పైగా పిల్లలతో చేసిన క్యాంప్ అధ్యయనంలో, రోజుకి 400 మైక్రోగ్రాముల బ్యుడెసొనైడ్ నాలుగేళ్లకి పైగా వాడిన పిల్లలు పెద్దయ్యాక మిగతావారికంటే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఎత్తు ఉన్నారు. ఈ ఫలితం 2012లో వచ్చింది. ఎత్తులో ఆ తేడా మొదటి ఒకటి రెండేళ్లలో వచ్చిందే, వాడిన ప్రతి ఏడాదీ పెరుగుతూ పోలేదు. మన పిల్లల్లో చాలామందికి సరిపోయేది అంతకంటే తక్కువ మోతాదే.

రెండో వైపు చూడండి. రోజూ పీల్చే మందు మానేసిన పిల్లవాడికి అటాక్ వచ్చినప్పుడల్లా నోటి ద్వారా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తుంది. 20 కిలోల పిల్లవాడికి రోజుకి 20 మి.గ్రా. చొప్పున 5 రోజులకి 100 మి.గ్రా., అంటే లక్ష మైక్రోగ్రాములు. రోజుకి 200 మైక్రోగ్రాముల చొప్పున ఏడాది పొడవునా పీల్చేది 73,000. మందులు వేరు కాబట్టి సూటిగా పోల్చలేం గానీ, ఒళ్లంతా పాకే స్టెరాయిడ్ ఏ దారిలో ఎక్కువో దీన్నిబట్టి తెలుస్తుంది. రాత్రుళ్లు నిద్రలేక, తిండి సయించక, బడి మానేసి ఉండే పిల్లవాడు కూడా సరిగ్గా ఎదగడు. కంట్రోలర్ వాడే పిల్లలకి ఆరు నెలలకోసారి ఎత్తు కొలిచి రాసిపెట్టమని మీ డాక్టరుని అడగండి. స్టెరాయిడ్ పఫ్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మించాలి. మాస్కు వాడితే ముఖం కూడా తుడవాలి. నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు రాకుండా ఉంటాయి.

స్పేసర్ సరిగ్గా ఎలా వాడాలి?

మందు పనిచేయడం లేదని వచ్చేవాళ్లని ముందు నా ఎదురుగా వాడి చూపించమంటాను. తరచుగా లోపం మందులో కాకుండా వాడే తీరులోనే బయటపడుతుంది.

పంపు మూత తీసి బాగా కుదిపి, స్పేసర్ వెనక నిటారుగా అమర్చండి. పిల్లవాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, మాస్కు ముక్కు, నోరు రెండింటినీ కప్పేలా ఆనించండి, పక్కల నుంచి గాలి పోకూడదు. ఒక్క పఫ్ నొక్కండి. మాస్కు తీయకుండా మామూలు ఊపిరి 5 నుంచి 10 సార్లు తీసుకోనివ్వండి. స్పేసర్ వాల్వు ఆడుతూ కనిపిస్తుంది, దాన్ని చూసి లెక్కపెట్టొచ్చు. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం ఆగి, మళ్లీ కుదిపి మొదటి నుంచి చేయండి. రెండు పఫ్‌లు ఒకేసారి కొట్టేస్తే మందు స్పేసర్ గోడలకి అంటుకుపోతుంది. 4, 5 ఏళ్ల నుంచి మాస్కు లేకుండా నోటితో పెదవులు బిగించి పీల్చుకోవడం నేర్పొచ్చు.

గుక్కపట్టి ఏడుస్తుంటే మందు లోపలికి చాలా తక్కువ వెళ్తుంది. బాగున్న రోజుల్లోనే ఆ మాస్కుని ఆటవస్తువుగా ఇవ్వండి, బొమ్మకి పెట్టించండి, మీరు పెట్టుకుని చూపించండి. స్పేసర్‌ని నెలకోసారైనా సబ్బు నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే లోపల స్టాటిక్ కరెంటు పుట్టి మందుని గోడలకి లాగేసుకుంటుంది.

ఊరెళ్లినప్పుడు స్పేసర్ మర్చిపోయారా? 500 మి.లీ. ప్లాస్టిక్ నీళ్ల సీసా అడుగున పంపు మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి, గాలి పోకుండా సీలు చేసి, సీసా మూతి దగ్గర పిల్లవాడి చేత పీల్పించండి. దక్షిణాఫ్రికాలో ఈ సీసా స్పేసర్‌ని కంపెనీ స్పేసర్‌తో పోల్చి చూస్తే దాదాపు అంతే బాగా పనిచేసిందని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది.

ఇంట్లో నెబులైజర్ కొనుక్కోమంటారా?

చాలామందికి అక్కర్లేదు. తేలికపాటి, మధ్యస్థ అటాక్‌లో స్పేసర్‌తో ఇచ్చిన పఫ్‌లు నెబులైజర్‌కి ఏమాత్రం తీసిపోవు. పైగా కరెంటు అక్కర్లేదు, బస్సులో కూడా ఇవ్వొచ్చు. ఇంట్లో నెబులైజర్ ఉంటే "ఇంకోసారి పెడదాం, ఇంకోసారి పెడదాం" అనుకుంటూ ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్లడం కూడా జరుగుతుంది. ఇక వేడినీళ్ల ఆవిరితో ఆస్తమా తగ్గదు, ఒళ్లు కాలిన పిల్లలు మాత్రం ఆసుపత్రులకి వస్తూనే ఉన్నారు.

మాంటెలుకాస్ట్ మాత్ర, దగ్గు సిరప్ సరిపోవా?

మాంటెలుకాస్ట్ కొందరికి పనికొస్తుంది గానీ, ఇన్‌హేలర్ స్టెరాయిడ్ అంత బలమైనది కాదు. 2020 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది. పీడకలలు, రాత్రి కేకలు, విపరీతమైన కోపం, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కొందరిలో కనిపించాయి. మాత్ర మొదలుపెట్టాక పిల్లవాడి ప్రవర్తన మారినట్టనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పండి. జలుబు చేసినప్పుడల్లా మెడికల్ షాపులో అడిగి తెచ్చే మందు కాదిది.

దగ్గు సిరప్ ఆస్తమా దగ్గుని తగ్గించదు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులు 4 ఏళ్ల లోపు పిల్లలకి వాడకూడదని 2023 డిసెంబరులోనే మన దేశంలో ఆదేశాలొచ్చాయి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషపూరితమైన దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, 2 ఏళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు అసలు రాయొద్దని, 5 ఏళ్ల లోపు సాధారణంగా వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ మళ్లీ చెప్పింది. పాత సీసాలు ఇంట్లో ఉంటే పారేయండి.

రాత్రి ఉన్నట్టుండి ఆయాసం ఎక్కువైతే ఏం చేయాలి?

పడుకోబెట్టకుండా కూర్చోబెట్టండి. టెన్షన్ పడినా మీ ముఖంలో కనిపించనీయకండి. పిల్లలు భయపడితే ఆయాసం ఇంకా పెరుగుతుంది. 5 ఏళ్ల లోపు పిల్లలకి సాధారణ పద్ధతి ఇది: సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాముల పంపుతో, స్పేసర్‌లో ఒక్కొక్కటిగా 2 పఫ్‌లు. 20 నిమిషాలకి తగ్గకపోతే మళ్లీ 2. ఇంకో 20 నిమిషాలు చూసి మళ్లీ 2. పెద్ద పిల్లలకి ఇంకా ఎక్కువ పఫ్‌లు రాసి ఉండవచ్చు. మీ డాక్టరు చేత ఈ ప్లాను ముందే కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి. అర్ధరాత్రి గుర్తు తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. మూడు విడతలకీ తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మూడు నాలుగు గంటల్లో మళ్లీ వచ్చినా ఆసుపత్రికి వెళ్లాలి.

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా మూడు విడతల దాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి, దారిలో కూడా పఫ్‌లు ఇస్తూనే ఉండండి:

- రెండు మాటలు కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పలేకపోవడం, పసిబిడ్డ అయితే పాలు తాగలేకపోవడం
- డొక్కలు బాగా ఎగరేయడం, ఊపిరి తీసినప్పుడల్లా గొంతు గుంట లోపలికి పోవడం
- పెదవులు, నాలుక నీలంగా మారడం
- మగతగా ఉండడం, పిలిస్తే సరిగ్గా పలకకపోవడం
- వేలికి పెట్టే ఆక్సీమీటరులో ఆక్సిజన్ 92 శాతం కంటే తక్కువ చూపించడం

ఒక్క మాట అదనంగా. ఆయాసం అలాగే ఉండి పిల్లికూతలు ఆగిపోతే తగ్గిందని సంతోషించకండి. గాలి లోపలికి వెళ్లడమే తగ్గిపోయినప్పుడు కూత కూడా రాదు. అది అన్నిటికంటే ప్రమాదకరమైన స్థితి. అలాగే ఆక్సీమీటరులో 96 ఉన్నా పిల్లవాడు ఊపిరికి కష్టపడుతుంటే మీ కళ్లనే నమ్మండి.

ఇంట్లో ఏమేం మార్చాలి?

పొగతో మొదలుపెట్టండి. బీడీ, సిగరెట్ ఇంట్లో ఎవరూ కాల్చకూడదు. బాల్కనీలో కాల్చి వచ్చినా బట్టలకి, చేతులకి అంటుకునే వస్తుంది. దోమల కాయిల్ బదులు దోమతెర కట్టండి. నీళ్లు పోశాక పసిబిడ్డ జుట్టుకి సాంబ్రాణి పొగ వేయడం మన అమ్మమ్మలు ఎంతో ప్రేమగా చేసే పని. ఆస్తమా, ఎగ్జిమా ఉన్న ఇళ్లలో మాత్రం మెత్తటి తువ్వాలుతో తుడిచి ఆరబెట్టమని పెద్దవాళ్లని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. పిల్లవాడి ఆయాసం కళ్లారా చూసిన ఏ అమ్మమ్మా కాదనదు. అగరొత్తులకి బదులు దీపం చాలు. ఎండుమిర్చి పోపు ఘాటుకి దగ్గొచ్చే పిల్లలుంటే ఆ రెండు నిమిషాలు వేరే గదిలో ఉంచండి.

తర్వాత పక్క. దుమ్ము పురుగులు కంటికి కనిపించవు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని పరుపుల్లో, దిండ్లలో బతుకుతాయి. కోస్తా తేమ వాటికి బాగా అనుకూలం. ఏళ్లనాటి బూరుగు దూది దిండ్లు తీసేయండి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 55 నుంచి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. మెత్తటి బొమ్మలు ఒకటి రెండు ఉంచి, వాటిని కవరులో కట్టి ఒక రాత్రి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తర్వాత ఉతకండి. చీపురుతో ఊడ్చేటప్పుడు పిల్లవాడిని బయటికి పంపి, తడిగుడ్డ పెట్టండి. సంక్రాంతి ముందు బూజు దులిపే రోజున, భోగి మంటల దగ్గర, దీపావళి రాత్రి ఇంకాస్త జాగ్రత్త. ఆ వారాల్లో కంట్రోలర్ ఒక్కపూట కూడా తప్పనివ్వకండి.

బొద్దింకలు కూడా బలమైన అలర్జీ కారకాలే. ఘాటైన స్ప్రే కొట్టడం కంటే జెల్ మందు పెట్టి, రాత్రి ఎంగిలి గిన్నెలు సింకులో లేకుండా చూడండి. ఎయిర్ కూలర్‌లో నిలవ నీళ్లు, నాచుపట్టిన గడ్డి వేసవి మొదట్లోనే మార్చాలి. వానాకాలంలో గోడ చెమ్మ ఉన్న వైపు మంచం వేయొద్దు. బయట వయ్యారిభామ, సర్కారు తుమ్మ పుప్పొడి కొందరికి పడదు. విశాఖలో శీతాకాలం ముందు పూసే ఏడాకుల పాల చెట్ల ఘాటు వాసనకి దగ్గు పెరుగుతోందని చాలామంది చెబుతారు. అలాంటి రోజుల్లో సాయంత్రాలు ఆ వైపు కిటికీలు మూసి ఉంచండి. అన్నీ ఒకేసారి మార్చలేకపోతే పొగ, పక్క, ఈ రెండూ చాలు.

ముక్కు ఎప్పుడూ కారుతూ ఉంటుంది. దానికీ ఆస్తమాకీ సంబంధం ఉందా?

ఉంది. ఆస్తమా ఉన్న పిల్లల్లో చాలామందికి ముక్కు అలర్జీ కూడా ఉంటుంది. పొద్దున లేవగానే వరస తుమ్ములు, అరచేత్తో ముక్కుని పైకి రుద్దుకోవడం, దానివల్ల ముక్కు మీద అడ్డగీత, కళ్లకింద నలుపు, నోరు తెరుచుకుని నిద్ర, గురక, ఇవే గుర్తులు. ముక్కుని పట్టించుకోకపోతే ఆస్తమా అదుపులోకి రావడం కష్టం. స్టెరాయిడ్ నేసల్ స్ప్రే మంచి మందు. తల కాస్త వంచి, స్ప్రే మొనని మధ్య గోడ వైపు కాకుండా బయటి వైపు, చెవి దిశగా పెట్టి కొట్టాలి. వారం రెండు వారాలు ఓపిక పట్టాలి. ముక్కు దిబ్బడకి షాపుల్లో ఇచ్చే జైలోమెటజొలిన్ చుక్కలు 5 రోజులకి మించి వద్దు. మందులతో తగ్గని అలర్జీకి ఇమ్యునోథెరపీ (పడని వస్తువునే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేయడం) అనే పద్ధతి ఉంది, మూడేళ్ల నుంచి ఐదేళ్లు పడుతుంది. ఆస్తమా అదుపులో లేనప్పుడు దాన్ని మొదలుపెట్టకూడదు.

మృగశిర కార్తెకి చేప ప్రసాదం వేయిస్తే పోతుందంటారు. వేయించమంటారా?

హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఏటా జూన్‌లో బత్తిని కుటుంబం ఉచితంగా ఇచ్చే ఈ ప్రసాదానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. బతికున్న చిన్న కొర్రమీను నోట్లో మూలికల ముద్ద పెట్టి మింగిస్తారు. చేప తినని వాళ్లకి బెల్లంతో ఇస్తారు. బిడ్డ ఆయాసపడుతుంటే ఏ దారైనా వెతికే తల్లిదండ్రుల ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ దీనితో ఆస్తమా తగ్గుతుందని శాస్త్రీయంగా నిరూపణ కాలేదు. చిన్నపిల్లలకి బతికున్న చేపని మింగించడంలో గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది, కాబట్టి నేను వద్దనే అంటాను. పెద్ద పిల్లవాడికి మీ నమ్మకం కొద్దీ వేయించినా కంట్రోలర్ ఒక్కపూట కూడా ఆపకండి. ఆ జనంలోకి, ఆ దుమ్ములోకి వెళ్లేటప్పుడు రిలీవర్, స్పేసర్ చేతి సంచిలో ఉండాలి.

ఆటలు మాన్పించాలా?

వద్దు. అదుపులో ఉన్న ఆస్తమాతో పిల్లలు పరుగు, కబడ్డీ, ఈత, అన్నీ ఆడొచ్చు. పరిగెత్తితే దగ్గొస్తుందంటే మందు చాలడం లేదని అర్థం, డాక్టరుకి చూపించండి. అవసరమైతే ఆటకి పావుగంట ముందు రిలీవర్ పఫ్‌లు వాడమంటారు. పీఈటీ సారుకి సంగతి చెప్పి ఉంచండి.

ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి. ఫైలు మీద ఆస్తమా అని రాయకుండా ఉండగలరా?

ఈ మాట అడిగేటప్పుడు తల్లుల గొంతు తగ్గిపోతుంది. వాళ్ల భయం నిజమే. అయినా రాయాలనే చెబుతాను. పేరు దాచిపెడితే బడిలో టీచరుకి తెలియదు, అర్ధరాత్రి ఎమర్జెన్సీలో కొత్త డాక్టరుకి తెలియదు, రేపు ఆ పిల్లకే తన ఒంటి సంగతి తెలియదు. మందు సరిగ్గా వాడుకునే అమ్మాయి చదువుకీ, ఉద్యోగానికీ, బిడ్డల్ని కనడానికీ ఆస్తమా అడ్డు కాదు.

అదుపులో ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? మందులు ఎప్పుడు ఆపుతారు?

గడిచిన నాలుగు వారాలు గుర్తు చేసుకోండి. పగలు లక్షణాలు వారానికి రెండుసార్లకి మించి వచ్చాయా? రిలీవర్ వారానికి రెండుసార్లకి మించి వాడారా? ఒక్క రాత్రైనా దగ్గుతో లేచాడా? ఆటలో వెనకబడ్డాడా? ఒక్కదానికి అవునన్నా పూర్తి అదుపులో లేదు. 5 ఏళ్ల లోపు పిల్లలకైతే వారానికి ఒకసారి మించినా ఎక్కువే.

మూడు నెలలు పూర్తిగా బాగుంటే డాక్టరు మోతాదు మెల్లగా తగ్గిస్తారు. జలుబులు ఎక్కువగా ఉండే కాలంలోనో, పరీక్షల ముందో తగ్గించరు. జలుబు చేసినప్పుడు మాత్రమే పిల్లికూతలు వచ్చే పసిపిల్లల్లో చాలామందికి 6 ఏళ్లకల్లా ఆగిపోతాయి. ఎగ్జిమా, అలర్జీలు తోడున్న వాళ్లకి ఇంకొన్నాళ్లు సాగొచ్చు. టీనేజీలో తగ్గి, పెద్దయ్యాక మళ్లీ తిరగబెట్టడం కూడా ఉంది. ఏటా ఫ్లూ టీకా వేయించడం మంచిది.

పదో తరగతి అయిపోయింది, ఇంటర్‌కి హాస్టల్‌లో వేస్తున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

హాస్టల్‌కి వెళ్లిన మొదటి మూడు నెలల్లో మందు మానేసే పిల్లలు చాలామంది. పక్కవాళ్లు చూస్తారని మొహమాటం, నిద్ర చాలకపోవడం, గుర్తుచేసే అమ్మ పక్కన లేకపోవడం కారణాలు. చేర్చే రోజునే అటాక్ ప్లాను రాసిన కాగితం వార్డెన్‌కి ఇవ్వండి, గదిలో ఒక స్నేహితుడికి పంపు ఎక్కడుంటుందో చూపించండి. రిలీవర్లు రెండు కొనండి, ఒకటి గదిలో, ఒకటి కాలేజీ బ్యాగులో. 12 ఏళ్లు దాటిన పిల్లలకి బ్యుడెసొనైడ్, గొట్టాలని వదులు చేసే ఫార్మొటెరాల్ కలిసిన ఒకే పంపుని రోజువారీగానూ, ఆయాసం వచ్చినప్పుడూ వాడుకునే పద్ధతి ఉంది. రెండు పంపులతో తికమకపడే పిల్లలకి ఇది బాగా కుదురుతుంది, మీ డాక్టరుని అడగండి.

ఫోన్ చేసినప్పుడు "బాగున్నావా" అంటే "బాగున్నా" అనే అంటారు. "ఈ వారం రాత్రి ఎన్నిసార్లు లేచావు, రిలీవర్ ఎన్నిసార్లు వాడావు" అని అడగండి. పంపు ఖాళీ అయినా కుదిపితే లోపల గ్యాసు చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, కాబట్టి చప్పుడుని నమ్మొద్దు. 200 పఫ్‌ల పంపుని పొద్దున 2, రాత్రి 2 వాడితే 50 రోజులు వస్తుంది. మొదలుపెట్టిన తేదీ పంపు మీద స్కెచ్ పెన్నుతో రాసి, 50వ రోజుకి వారం ముందే కొత్తది చేరేలా పంపించండి.